గొట్టానికి కంబళి

బండలపాలెంలో చలిని కళ్లారా చూసినవాళ్లు లేరు. దాని గురించి విన్నవాళ్లు మాత్రం ఉన్నారు. పల్నాటి సున్నపురాయి నేల మీద, నాలుగు పక్కలా నాపరాయి గనుల మధ్య ఇరుక్కున్న ఊరది. మాఘమాసంలో కూడా మధ్యాహ్నం పూట కోళ్లు నీడ వెతుక్కుంటాయి. ఇక ఎండాకాలం సంగతి చెప్పేదేముంది, ఎక్కడైనా మేడ మీద అప్పడాలు పెడితే ఎండుతాయి, అక్కడ వేగుతాయి. అలాంటి ఊళ్లో నీటిగొట్టాలు గడ్డకట్టే ప్రమాదం పొంచి ఉందని కనిపెట్టిన ఘనత రాష్ట్ర సంచార విడిది సంస్థది.

ఆ సంస్థ పుట్టుక కూడా చెప్పుకోవాలి. ఒక పెద్దాయన ఏదో చలిదేశం వెళ్లి, అక్కడి మనుషులు ఇంటికి చక్రాలు తగిలించుకుని ఊళ్లు తిరగడం చూసి ముచ్చటపడ్డాడు. చూడ్డానికి బస్సులా ఉంటుంది. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. మనకూ ఉండాలన్నాడు. పెద్దాయనకు ముచ్చటేస్తే సంస్థ పుట్టక ఆగుతుందా? పదకొండు బళ్లు ఓడెక్కి వచ్చాయి. వాటితోపాటు ఒక పుస్తకమూ వచ్చింది. కటిక చలిలో బండి గొట్టాల్లోని నీళ్లు గడ్డకట్టి, గొట్టాలు పగిలిపోకుండా ఏమేం చెయ్యాలో అందులో ఉంది. ప్రధాన కార్యాలయం వారు దాన్ని భక్తితో తెలుగులోకి దించి, 'శీతల రక్షణ నిబంధనలు' అని పేరు పెట్టి, పదకొండు ఊళ్లకూ పంపారు. ఏ ఊళ్లో చలి ఉందో, ఏ ఊళ్లో లేదో కాస్త చూడొద్దా అని ఒక గుమాస్తా నోరు జారాడట. "నిబంధన అందరికీ సమానం. వాతావరణం వేరే శాఖ," అని పైనుంచి జవాబొచ్చింది.

పదకొండిట్లో ఒక బండి బండలపాలెం ఊరిచివర, ఎగువవీధి మొగదల్లో ఆగింది. పక్క గుట్ట మీద ఏదో పాత రాతిమండపం ఉంది, దాన్ని చూడ్డానికి యాత్రికులు విరగబడి వస్తారని సంస్థ అంచనా. ఏడాది గడిచినా ఆ అంచనా అంచనాగానే ఉంది.

ఆ బండికి సంరక్షకుడు గాలెయ్య. పన్నెండేళ్లుగా ఏదో ఒక శాఖలో కాంట్రాక్టు మీద పనిచేస్తూ వచ్చిన మనిషి. ఏటా మార్చి నెల వచ్చిందంటే, ఉంచుతారో ఊడబెరుకుతారో అని అన్నం సహించేది కాదు. 'పర్మనెంటు' అనే మాట చెవినపడితే గుళ్లో గంట విన్నట్టు చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయేది. కాబట్టి నిబంధనల కాగితం చేతికందగానే మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు.

నిబంధనలు పధ్నాలుగు. మూడోదాని ప్రకారం గొట్టాలన్నిటికీ ఉన్ని కంబళ్లు చుట్టాలి. ఏడోదాని ప్రకారం, కదలని నీరు త్వరగా గడ్డకడుతుంది కాబట్టి, కుళాయిని రాత్రింబవళ్లు సన్నధారగా వదిలి ఉంచాలి. ఎనిమిదోదాని ప్రకారం ట్యాంకులో నీళ్లు సగానికి తగ్గకూడదు, అందుకోసం రోజూ 'శీతల అత్యవసర ట్యాంకరు' కాలవ నుంచి మంచినీళ్లు తెచ్చి నింపుతుంది. పధ్నాలుగోది గాలెయ్య ఎక్కువసార్లు చదివాడు. "గొట్టము గడ్డకట్టిన ఎడల సంరక్షకుని సస్పెండు చేసి విచారణ జరుపవలెను," అని ఉందక్కడ.

కంబళ్లు లారీలో వచ్చాయి, పదహారు. ఇన్ని ఎందుకొచ్చాయంటే, కార్యాలయం వారు వాటిని ఊళ్ల పేర్ల అక్షరక్రమంలో పంచుకుంటూ వచ్చారు. 'బ' దాకా వచ్చేసరికి మిగిలినవన్నీ దించేశారు. ఏజెన్సీ కొండల మీద, నిజంగానే తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకునే మంచుగెడ్డ అనే ఊరికి 'మ' మూలంగా ఒక్కటీ అందలేదు.

మొదటిరోజు గాలెయ్య గొట్టాలకు కంబళ్లు చుట్టి, బండి వెనక కుళాయిని సన్నగా విప్పి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నీళ్లు నేల మీద పడుతున్నాయి. నేల పడ్డవి పడ్డట్టే తాగేస్తోంది. అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన భార్య అంకమ్మ ఆ దృశ్యం చూసి క్యారేజీ కింద పెట్టేసింది.

"ఏమయ్యా, నీకేమన్నా గాలి సోకిందా? ఇంట్లో చెంబెడు నీళ్లు లేక నేను అంట్లు బూడిదతో తుడిచి బోర్లించి వచ్చా. నువ్వు ఈడ కూర్చుని నేలకు తాపుతున్నావా?"

"ఆపితే గడ్డకడతయ్యంట."

"ఏంది గడ్డకట్టేది?"

"నీళ్లు."

అంకమ్మ తలెత్తి ఆకాశం వైపు చూసింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. కొంగుతో మెడ తుడుచుకుని మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది.

"జ్వరం లేదే నాకు," అన్నాడు గాలెయ్య. "ఆఫీసోళ్లు రాశారు. ఏడో నిబంధన."

"అట్టనా. అయితే అయి గడ్డకట్టేలోపు నా బిందె నిండుద్ది. జరుగు."

సర్కారు నీళ్లు ఇంటికి తీసుకుపోతే ఏం ముంచుకొస్తుందో అని గాలెయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు. కాగితం తీసి మళ్లీ చదివాడు. తొమ్మిదో నిబంధన అప్పుడు సరిగ్గా కంటపడింది: "నేలపై పడిన నీరు గడ్డకట్టి, దానిపై పాదచారులు జారిపడు ప్రమాదము కలదు. కావున సదరు నీటిని నేలను తాకనీయక తగు పాత్రలలో సేకరించి, కనీసము ఏబది గజముల దూరమునకు తరలించవలెను." గాలెయ్య ఇల్లు అరవై గజాల దూరంలో ఉంది. ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాడు.

ఎగువవీధిలో బోరునీళ్లు తాగితే పళ్లు పచ్చబడతాయి, నడివయసుకే మోకాళ్లు బిగుసుకుపోతాయి. మంచినీళ్ల ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది. అది వచ్చిన రోజు వీధిలో కొత్త పగలు పుట్టేవి, పాత పగలు ముదిరేవి. అలాంటి వీధి మొగదల్లో ఇరవైనాలుగు గంటలూ కాలవనీళ్లు పారే కుళాయి వెలిస్తే జనం ఊరుకుంటారా? వారం తిరక్కముందే బిందెల వరస బండి వెనక నుంచి వేపచెట్టు దాకా సాగింది. తోపులాట లేదు. రేయింబవళ్లు పారేదానికి తోపులాట దేనికి? తగాదాలు లేక మొదట్లో కొందరికి తోచలేదు కూడా.

గాలెయ్య రోజూ రిపోర్టు రాసేవాడు. "జారుడు నివారణ కార్యక్రమంలో నేడు పాల్గొన్నవారు నూట పన్నెండు మంది. జారిపడినవారు లేరు." ప్రధాన కార్యాలయం నుంచి జవాబు వచ్చేది. "ప్రజా భాగస్వామ్యము అభినందనీయము. బిందెలపై సంస్థ చిహ్నమును ముద్రించు అంశము పరిశీలనలో ఉన్నది."

ఉష్ణోగ్రత కూడా రాయాలి. దానికోసం బండితోపాటే ఒక ఉష్ణమాపకం వచ్చింది. చలిదేశపు సరుకు కదా, అంకెలు సున్నాకు దిగువన నలభై దాకా ఉన్నాయి, ఎగువన ఇరవైతో ఆగిపోయాయి. బండలపాలెంలో అట్టపెట్టె విప్పిన క్షణాన ఎర్రగీత పైకి పోయి ఇరవైని కొట్టుకుని అక్కడే నిలబడింది. మళ్లీ కిందికి దిగలేదు. గాలెయ్య అబద్ధమాడే మనిషి కాదు. పుష్యంలో ఇరవై అని రాశాడు, ఫాల్గుణంలో ఇరవై అని రాశాడు, రోహిణికార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా తువ్వాలు నెత్తిన వేసుకుని ఇరవై అనే రాశాడు.

అలా ఏడాది గడిచింది. రెండో ఏడు మే నెలలో ప్రధాన కార్యాలయం నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. గాలెయ్య దాన్ని కుళాయి దగ్గరే, అంకమ్మ ముందు, వరసలో ఉన్న ఆడవాళ్ల ముందు విప్పి పైకి చదివాడు.

"బండలపాలెం యూనిట్ నందు ఏడాది కాలములో ఒక్క గొట్టము కూడా గడ్డకట్టకపోవుట, ఉష్ణోగ్రతను నిత్యము ఇరువది డిగ్రీల వద్ద స్థిరముగా నిలిపి ఉంచుట సంస్థ చరిత్రలో అపూర్వము. కావున సదరు యూనిట్‌కు ప్రథమ స్థానము ప్రకటించడమైనది. సంరక్షకుడు శ్రీ గాలెయ్య సేవలు పర్మనెంటు చేయబడును."

చదువుతున్నవాడి చెయ్యి గుండె మీదికి పోయింది. అంకమ్మ కళ్లు తుడుచుకుంది. వరసలోంచి ఎవరో ఈల వేశారు. పదమూడేళ్ల ఎదురుచూపు గదా, గాలెయ్యకు తరవాతి పేరా అక్షరాలు కాసేపు అలుక్కుపోయి కనిపించాయి. మొహం కడుక్కుని చదివాడు.

"మంచుగెడ్డ యూనిట్ నందు మూడు పర్యాయములు గొట్టములు పగిలినవి. బండలపాలెమునందు ప్రమాదము సమూలముగా నిర్మూలింపబడినందున అచ్చట యూనిట్ ఇక అనవసరము. వాహనము, కంబళ్లు, ట్యాంకరు, సంరక్షకుడు, అన్నింటిని మంచుగెడ్డకు తరలించుటకు నిర్ణయించడమైనది. తుది తనిఖీ ఈ నెల ఇరువది రెండవ తేదీన."

కుళాయి కింద ఉన్న బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు. చివరికి పిచ్చమ్మవ్వ అనే ముసలామె మోకాళ్లు పట్టుకుని లేచి, ఆ బిందె జరిపి తన బిందె పెట్టింది.

"పర్మనెంటయిందిగా, సంతోషం నాయనా," అంది. "పోయేముందు ఆ పాత ట్యాంకరు ఏ రోజున వస్తదో కనుక్కుని చెప్పి పో. నాకు గుర్తుండదు."

ఆ మాట గాలెయ్యకు ముల్లులా దిగింది. ఇంటికి వెళ్లాక కూడా లోపల సలుపుతూనే ఉంది.

మర్నాడు ఒక అర్జీ రాశాడు. ఊళ్లో మంచినీళ్లు లేవు, దయచేసి బండిని ఇక్కడే ఉంచండి, నన్ను మాత్రం ఎక్కడికైనా పంపండి అని. నాలుగో రోజుకే తిరుగుటపాలో జవాబొచ్చింది. "త్రాగునీరు మా పరిధిలోని అంశము కాదు. గడ్డకట్టు నీరు మాత్రమే మా పరిధి." ఇంక లాభం లేదనుకుని శీతల రక్షణ విభాగం సహాయ సంచాలకులు పీతాంబరరావు గారికే ఫోను చేశాడు.

"సార్, ఉన్నమాట చెబుతున్నానండీ. మా ఊళ్లో అసలు చలే లేదండీ."

"అదేనయ్యా మీరు సాధించింది!" అన్నారు పీతాంబరరావు గారు గద్గద స్వరంతో.

"అది కాదండీ. ముందునుంచీ లేదండీ."

"నివారణ అంటే అదే. ప్రమాదం వచ్చాక తొలగించడం సామాన్యుల పని. రాకముందే, వచ్చే ఉద్దేశం దానికి లేకముందే తొలగించడం మన సంస్థ విధానం."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. గాలెయ్య ఆఖరి మాట అడిగాడు. "తనిఖీలో ఇక్కడ గొట్టం గడ్డకట్టిందని తేలితే ఏమవుద్దండీ?"

"ప్రమాదం ఇంకా ఉన్నట్టు లెక్క. అప్పుడు తరలింపు రద్దు. పధ్నాలుగో నిబంధన కింద మీ పర్మనెంటూ రద్దు, మీరూ రద్దు. అలాంటి అశుభం పలక్కండి."

ఆ పూట గాలెయ్య అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయాడు. అంకమ్మ విసనకర్ర ఆపి అడిగింది.

"ఏందయ్యా నీ ఆలోచన?"

"పదమూడేళ్లే. నువ్వు ముడుపులు కట్టని దేవుడు లేడు ఈ పర్మనెంటు కోసం."

"కట్టా. ఆ ముడుపుల గుడ్డ ఉతకడానికి గూడా నీళ్లు లేని రోజులు చూశా." అంకమ్మ మళ్లీ విసనకర్ర అందుకుంది. "నీ ఉద్యోగం పర్మనెంటయితే మన ఇద్దరికి. నీళ్లు పర్మనెంటయితే వీధి మొత్తానికి. నేను చెప్పేదేముంది, ఆ పిచ్చమ్మవ్వ మొహం రోజూ చూసేవాడివి నువ్వు."

"అయితే గొట్టం గడ్డకట్టాల. ఈ ఎండలో. ఎట్టా కట్టుద్ది?"

దానికి జవాబు బాజీ దగ్గర ఉంది. బజారు చివర రేకులషెడ్డులో ఐసుఫ్రూట్లు తయారుచేస్తాడు బాజీ. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్లను యంత్రంతో బాగా చల్లబరిచి, తియ్యనీళ్లు పోసిన రేకు అచ్చుల్ని అందులో ముంచితే గంటన్నరలో ఐసు తయారు. గాలెయ్య చెప్పిందంతా విని, బాజీ నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"నాలుగడుగుల గొట్టమేగా అన్నా? నీళ్లు పోసి రెండు పక్కలా బిరడా బిగించి తొట్టిలో పడేస్తే పుల్లలేని ఐసుఫ్రూటు. అదెంతసేపు?"

"బిగించాక కరక్కుండా ఉండాలి గదా బాజీ. ఆళ్లు పదింటికి వస్తారంట."

"నీకాడ కంబళ్లు ఉన్నయ్యిగా?"

"కంబళి వేడి పుట్టిస్తది గదయ్యా. గడ్డకట్టకుండా ఉండటానికే గదా అయి పంపింది."

బాజీ ఇక ఆగలేక నవ్వేశాడు. "అన్నా, నేను ఐసు దిమ్మ టౌను నించి ఎట్టా తెస్తా? రంపప్పొట్టులో పెట్టి, గోనెపట్టా చుట్టి, పైన కంబళి కప్పి తెస్తా. కంబళి పుట్టించేదేం లేదు. లోపల వేడుంటే వేడిని కాస్తది, చల్లదనముంటే చల్లదనాన్ని కాస్తది. దానికి ఆఫీసు రూల్సు తెలవ్వు."

గాలెయ్య ఆ మాటకు తలపంకించాడు. ఏడాదిగా పదహారు కంబళ్లు ఎందుకూ కొరగాకుండా పడి ఉన్నాయనుకున్నాడు. ఇన్నాళ్లకు వాటికో ప్రయోజనం దొరికింది.

ఇరవై రెండో తేదీ పొద్దున్నే కుళాయి గొట్టం విప్పి, దాని స్థానంలో బాజీ తెచ్చిన గొట్టం బిగించారు. పైన పొట్టు, దాని మీద గోనె, దాని మీద ఎనిమిది కంబళ్లు. గొట్టం పందిరి గుంజంత లావయింది. కుళాయి విప్పితే చుక్క రాలేదు. వీధిలోవాళ్లంతా ఖాళీ బిందెలతో వేపచెట్టు కింద కూర్చున్నారు. అంకమ్మ కంబళ్ల మీద చెయ్యి వేసి, బాలెంతను చూసినట్టు మాటిమాటికీ చూసుకుంటోంది.

పదయింది, పదకొండయింది, అధికారులు రాలేదు. మండల కేంద్రంలో భోజనాలు అయ్యాక బయల్దేరతారని కబురొచ్చింది. సర్కారువారి భోజనమంటే దానికో నిడివి ఉంటుంది. పన్నెండున్నరకు కంబళ్ల అంచున ఒక చుక్క ఊరింది. అంకమ్మ పరుగున పోయి మిగతా ఎనిమిది కంబళ్లూ తెచ్చి చుట్టేసింది.

రెండింటికి జీపు వచ్చింది. అందులోంచి పీతాంబరరావు గారు దిగారు. ఒంటి మీద ఉన్ని స్వెట్టరు, మెడకు మఫ్లరు, తలకు కోతిటోపీ, చేతులకు తొడుగులు. ఆయన వెనక అదే వేషంలో రికార్డు గుమాస్తా దిగాడు. శీతల తనిఖీకి వచ్చే అధికారులు ఉన్నిదుస్తులు ధరించాలని పదకొండో నిబంధన. ఇద్దరి మొహాలూ ఉడికిన టమాటాల్లా ఉన్నాయి. నీడలోనే నలభై ఆరు డిగ్రీల ఎండ.

"అయ్యగారూ, ఆ టోపీ తియ్యండి, వడదెబ్బ తగులుద్ది," అంది అంకమ్మ ఉండబట్టలేక.

"వడదెబ్బ ఆరోగ్యశాఖ," అన్నారు పీతాంబరరావు గారు, జీపు తలుపు పట్టుకుని నిలదొక్కుకుంటూ. "మా పరిధి గొట్టం లోపల. సంరక్షకా, కుళాయి విప్పు. కార్యక్రమం లాంఛనంగా ముగించి తరలింపు ప్రారంభిద్దాం."

గాలెయ్య విప్పాడు. నీళ్లు రాలేదు. పూర్తిగా విప్పాడు. గాలి కూడా రాలేదు.

"గడ్డకట్టిందండీ," అన్నాడు. ఆ మాటతో పదమూడేళ్లూ నోట్లోంచి జారిపోయినట్టయింది.

"అసంభవం!" పీతాంబరరావు గారు కంబళ్లు తియ్యమన్నారు. పదహారూ తీసి, గోనె విప్పేసరికి పొట్టు రాలి, తెల్లగా నూగుమంచు పట్టిన గొట్టం బయటపడింది. ఆ ఎండలో దాన్నుంచి పొగలు లేచాయి. వీధి జనం, తమకంతా తెలిసి కూడా, నోళ్లు తెరిచారు. మరలు విప్పి గొట్టాన్ని వంచితే, కొంచెం కరిగి వదులైన ఐసు కడ్డీ మూరెడు పొడవున జర్రున జారి గుమాస్తా చేతిలో పడింది.

అది నారింజరంగులో ఉంది.

గాలెయ్య బాజీ వైపు చూశాడు. బాజీ వేపచెట్టు చాటుకు తప్పుకున్నాడు. తెల్లవారుజామున హడావిడిలో, నారింజ ఐసు కలిపే డబ్బాతోనే గొట్టం నింపాడు మహానుభావుడు. అయిపోయిందనుకున్నాడు గాలెయ్య. ఉద్యోగమూ పోయింది, నీళ్లూ పోయాయి, పైగా మోసం కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది.

"రంగు నారింజ," అని గుమాస్తా నోటుపుస్తకంలో రాసుకున్నాడు. "సార్, స్వరూపం నిర్ధారించాలంటే రుచి కూడా నమోదు చెయ్యాలండీ. పన్నెండో నిబంధన, నమూనా పరీక్ష."

పీతాంబరరావు గారు కోతిటోపీలోంచి కారుతున్న చెమట తుడుచుకుని, కడ్డీ అందుకుని, కర్తవ్య నిర్వహణలో భాగంగా ఒకసారి నాకారు. ఆయన కళ్లు మూతపడ్డాయి. రెండోసారి నాకారు. తరవాత కొరికారు.

"తీపి," అన్నారు చాలాసేపటికి. "అతిశీతలం వల్ల నీటి గుణమే మారిపోయింది. ఇది సాధారణ గడ్డకట్టుడు కాదు. రాసుకోండి."

"నేను కూడా నిర్ధారించాలండీ సార్," అన్నాడు గుమాస్తా దీనంగా. "ఇద్దరు సాక్షులు ఉండాలి."

సగం విరిచి ఇచ్చారు. ఇద్దరూ జీపు నీడన నిలబడి, చప్పుడు చేస్తూ, పరీక్ష సంపూర్ణంగా నిర్వహించారు. వీధిలో ఒక్కరూ నవ్వలేదు. పిచ్చమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. చివరి ముక్క అయిపోయాక గుమాస్తా వేళ్లు తుడుచుకుని రాసుకున్నాడు: "నమూనా పరీక్షలో పూర్తిగా వినియోగమైనది."

అప్పుడు పీతాంబరరావు గారు జీపు మెట్టెక్కి ఉపన్యాస స్వరంతో చెప్పారు. "మే నెలలో, పదహారు కంబళ్ల కింద, ఇంత తీవ్రంగా గడ్డకట్టిందంటే, డిసెంబరులో ఈ ఊరి గతేమిటి? మంచుగెడ్డలో జనవరిలో గడ్డకట్టింది. అందులో వింతేముంది, ఎవరికైనా కడుతుంది! రాష్ట్రంలోకెల్లా ప్రమాదకరమైన శీతల ప్రాంతం ఇదే. ఈ అమాయక ప్రజల్ని వదిలి బండిని తరలించేదా? నా కంఠంలో ప్రాణముండగా జరగదు!"

జనం చప్పట్లు కొట్టారు. ఆయన గాలెయ్య వైపు తిరిగి, గొంతు మార్చి అన్నారు. "ఇక నీ సంగతి. ఇంత ప్రమాదాన్ని ఏడాదిగా ఇరవై డిగ్రీలని రాసి దాచిపెట్టావు. పధ్నాలుగో నిబంధన తెలుసుగా?"

"తెలుసండీ," అన్నాడు గాలెయ్య. ఏడుపొస్తుందనుకున్నాడు గానీ రాలేదు. జీపు వెళ్లగానే బాజీ పాత గొట్టం బిగించాడు. సన్నధార మొదలైంది. మొదటి బిందె పిచ్చమ్మవ్వది.

మూడు వారాలకు ఉత్తర్వులు వచ్చాయి. బండలపాలేన్ని 'అతిశీతల మండలం'గా ప్రకటించారు. రెండో కుళాయి, రెండో ట్యాంకరు మంజూరయ్యాయి. మంచుగెడ్డ కోసం కొత్తగా కొన్న కంబళ్లు కూడా ఇటే వచ్చేశాయి. అక్కడి సంరక్షకుడు తన సొంత దుప్పటి గొట్టానికి కప్పి, తాను వణుకుతూ పడుకుంటున్నాడని విని, అంకమ్మ అందులోంచి నాలుగు కంబళ్లు మూటగట్టి పార్సెలు వేయించింది.

కవరులో రెండో కాగితం గాలెయ్యది. దాన్ని పైకి చదివాడు. "పధ్నాలుగవ నిబంధన ప్రకారము సంరక్షకుని సస్పెండు చేయవలసియున్నది. అయితే కాంట్రాక్టు ఉద్యోగిని సస్పెండు చేయుటకు సర్వీసు నియమాలలో వీలు లేదు. పర్మనెంటు ఉద్యోగిని మాత్రమే సస్పెండు చేయదగును. కావున శ్రీ గాలెయ్యను ఈ నెల ఒకటవ తేదీ ఉదయము నుండి పర్మనెంటు చేసి, అదే దినము మధ్యాహ్నము నుండి సస్పెండు చేయడమైనది. విచారణ ముగియువరకు ఆయన కేంద్రస్థానము విడిచి వెళ్లరాదు. కొత్త సంరక్షకుడు నియమింపబడువరకు కుళాయిలను ఎవరును కట్టరాదు."

"ఇంకోసారి చదువు," అంది అంకమ్మ.

చదివాడు. మూడోసారి పిచ్చమ్మవ్వ కోసం చదివాడు.

"అంటే పర్మనెంటు అయినట్టా, కానట్టా?"

"అయినట్టే. పని మాత్రం చెయ్యగూడదంట. ఊరు దాటి పోగూడదంట. కుళాయి కట్టగూడదంట."

"విచారణ ఎప్పుడంట?"

"నమూనా దొరికాక అంట. నమూనా వాళ్లు తినేశారు గదా."

అంకమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ సాయంత్రం ముడుపులన్నీ విప్పి, ఆ గుడ్డలు కుళాయి కింద తీరిగ్గా ఉతికి ఆరేసింది.

కవరు అడుగున మూడో కాగితం కూడా ఉంది. "గొట్టము గడ్డకట్టుటకు గల కారణమును ఏడు దినములలో, మూడు ప్రతులలో తెలుపవలెను." గాలెయ్య మర్నాడు మధ్యాహ్నం వేపచెట్టు కింద స్టూలు వేసుకుని, అట్ట మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. వడగాలి కొడుతోంది. ఎదురుగా బిందె నిండుతున్న చప్పుడు. కారణం అన్నచోట ఒక్క మాట రాశాడు: చలి.

గడ్డం మీంచి చెమటబొట్టు జారి సరిగ్గా దాని మీద పడింది, సిరా అలుక్కుపోయింది. గాలెయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఇంకో కాగితం తీసి, ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకుని జాగ్రత్తగా మళ్లీ రాశాడు: చలి.